ఆట అన్నం పెడుతుందా?

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు నడిచిన వారికి దారి పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు దర్శనమిస్తాయి. మా కళాశాల ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్‌గా ఆడే ఒక విద్యార్థి ఈ సంవత్సరం ఆట మాని అలాంటి ఒక సెంటరులో చేరాడు. కారణం అడిగితే, "ఆట అన్నం పెడుతుందా అని అబ్బా అడుగుతున్నారు సార్, నేనేం చెప్పాలి?" అన్నాడు. ఆనాడు మేము నిరుత్తరులమైనాము. ఆలోచించగా, ఆ ప్రశ్నకు జవాబు మన నగర చరిత్రలోనే వున్నదని తోచింది.

1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ స్వతహాగా ఉపాధ్యాయుడు. అయితే ఆ జట్టు వారికి జీవనాధారం పోలీసు కొలువే. ఉద్యోగం అన్నం పెట్టేది, ఆట పేరు తెచ్చేది.

ఈ పద్ధతిని కాదన్నవారు మహమ్మద్ హబీబ్. 1949 జూలై 17న హైదరాబాదులో జన్మించిన ఆయన, 1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్‌ను ఓడించిన ఆంధ్రప్రదేశ్ జట్టులో వున్నారు. ఓడిన కలకత్తా నగరమే ఆయనను పిలిచింది. 1966లో, ఇంకా మీసకట్టు సరిగా రాని వయసులో, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1968లో మోహన్ బగాన్‌కు మారారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో, మన నగరవాసియే అయిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్య పతకం సాధించిన భారత జట్టులో ఆడారు. తోటి క్రీడాకారులు బ్యాంకులలో, ప్రభుత్వ కార్యాలయాలలో ఉద్యోగాలు స్వీకరిస్తుండగా, తమకు వచ్చిన ఉద్యోగాలను ఆయన వద్దన్నారు. అందుకే భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడని ఆయనను పేర్కొంటారు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోలు చేసినది కూడా ఆయనే.

కనుక ఆట అన్నం పెట్టగలదు. కాని సత్యాన్ని సగమే చెప్పడం అధ్యాపక ధర్మం కాదు. హబీబ్ గారికి ఆ అన్నం సొంత ఊరిలో దొరకలేదు. డబ్బిచ్చే క్లబ్బులు, టిక్కెట్టు కొని చూసే జనం వున్న కలకత్తాకు వలస పోవలసి వచ్చింది. అటువంటి ప్రతిభ, పట్టుదల వేయిమందిలో ఒకరికైనా వుంటాయో లేదో. తండ్రి భయం అకారణమని మేము అనలేము.

మా వాదం ఒక్కటే. ఆ ఒక్కడెవరో మైదానంలో తేలాలి గాని, మైదానం చేరకముందే ఇంటి గుమ్మంలో తేలిపోరాదు. పరీక్షకు మూడుసార్లు కూర్చోవడానికి గడువిచ్చే మనం, ఆటకు ఒక్క సంవత్సరమైనా ఇవ్వము. ఉదయం ఒక గంట సాధన చేస్తే చదువు చెడుతుందనడానికి మా తరగతిలో నిదర్శనం కనబడలేదు. ఆట మానిన వారందరికీ మార్కులు పెరిగిన దాఖలా కూడా లేదు.

హబీబ్ గారు 2023 ఆగస్టు 15న ఈ నగరంలోనే కన్నుమూశారు. మా విద్యార్థులలో ఆయన పేరు తెలిసినవారు అరుదు. ఆ లోపం విద్యార్థులది కాదు, మాది. ఈ సెలవులలో ఆ కుర్రవాని తండ్రిగారిని కలిసి, డిగ్రీ పూర్తయ్యే వరకు గడువు ఇవ్వవలసిందిగా కోరదలచాము. ఆయన ఒప్పుకుంటారో లేదో చెప్పలేము. అడగడం మాత్రం మా విధి.