పేరు తేలని జబ్బును ‘వహమ్’ అనకండి



రాయకోట నుండి హోసూరుకో, కృష్ణగిరికో వెళ్లి పరీక్షలన్నీ చేయించుకొని, రిపోర్టులు నార్మల్ అని తేలితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. రోగి మాత్రం సంతోషించలేరు. నొప్పి అలాగే ఉంది కదా! నాలుగు రోజులు పోయాక, “నీదంతా వహమ్” అనే మాట మొదలవుతుంది. ఇంటి కోడళ్లు, వయసు మళ్లిన తల్లులు ఈ మాట ఎక్కువగా పడుతుంటారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

కారణం తెలియకపోతే జబ్బు లేనట్లు కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగరు, బీ.పీ. లేనివారికి కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. నీరు, పురుగుమందులు, ఎండలో కష్టం, నొప్పి మాత్రలు ఇలా ఎన్నింటినో అనుమానించారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయినా ఇదే కారణమని ఖాయంగా తేలలేదు. అంతమాత్రాన అక్కడివారి బాధ అబద్ధమా?

వైద్యుడు జవాబు చెప్పలేనప్పుడు రోగి తానే ఒక జవాబు వెతుక్కుంటాడు. ఒకరు బావి నీళ్లంటారు, ఒకరు నజర్ అంటారు, మరొకరు తాము చేసిన గునాహ్‌కు శిక్ష అని కుమిలిపోతారు. ఈ చివరి ఆలోచన జబ్బు కంటే ఎక్కువగా మనిషిని కుంగదీస్తుంది. దువా చేయండి, దవా మానకండి, నింద మాత్రం వేయకండి.

యునానీలో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అని ఆరు విషయాలున్నాయి: గాలి, అన్నపానాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు కదలిక-నెమ్మది, నిద్ర-మెలకువ, మలమూత్రాదుల విసర్జన-నిలుపుదల. దిగులు, భయం కూడా ఈ లెక్కలోనివే. రోజూ ఈ ఆరింటినీ, బాధ ఎప్పుడు పెరిగిందో, ఏ మందు వాడారో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. హకీమ్ సాహెబ్‌కూ, డాక్టరుకూ అదే పుస్తకం చూపండి. ఒకరి మందులు మరొకరి దగ్గర దాచకండి. ఎవరో చెప్పారని కుష్తాలు, నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి.

నబ్జ్ పట్టి చూడగానే అంతా తెలిసిపోయిందనే హకీమ్‌ను కూడా నమ్మవద్దు. “ఇంకా తెలియలేదు, మళ్లీ చూద్దాం” అనేవారే నిజాయితీపరులు. కారణం లేకుండా బరువు తగ్గడం, వదలని జ్వరం, రక్తం పడటం, ఆయాసం ఉంటే ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఈ రోజు మీ ఇంట్లో ఉన్న రోగి పక్కన కూర్చొని, “నొప్పి ఎలా ఉంది?” అని అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. అల్లాహ్ అందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.