చెరసాల చూపిస్తిమి, ఇల్లు మరిస్తిమి

గోలకొండ కోట ఎక్కిన వాళ్లందరికీ రామదాసు బందీఖానా తెలుసు. పైనుంచి సన్నగా వెలుతురు పడే ఆ గది, ఆయనే చెక్కాడని చెప్పుకునే గోడమీది దేవుళ్ల బొమ్మలు, గైడ్లు చెప్పే తానీషా కథ అందరికీ గుర్తుంటాయి. ఏటా ఎన్ని బడుల పిల్లలు ఆ గదిలోకి తొంగిచూసి పోతుంటారో లెక్కలేదు. వాళ్లలో ఒక్క పిల్ల గనక 'సారూ, మరి ఆయన ఇల్లు ఎక్కడుంది?' అని అడిగితే, ఎంతమంది పంతుళ్లం చెప్పగలం?

ఆ ఇల్లు నేలకొండపల్లిలో ఉండేది. ఖమ్మం పట్నం నుంచి పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినంత దూరం. 17వ శతాబ్దంలో కంచెర్ల గోపన్న పుట్టి పెరిగిన చోటు అది. ఆ ఇంటి స్థలంలోనే భక్త రామదాసు ధ్యాన మందిరం వెలిసింది. ఏటా జయంతికి పాటలు, సభలు జరుగుతాయి. సంతోషం. ఆ దీపాన్ని ఆరిపోకుండా కాపాడుకొస్తున్న ఊరివాళ్లకు దండం. కానీ ధ్యాన మందిరం అన్న పేరులోనే మా బాధ ఉంది. అది భక్తుడి కోసం కట్టుకున్నది. మరి వాగ్గేయకారుడి కోసం ఏం కట్టుకున్నాం?

రామదాసును మనం భక్తుడిగా మాత్రమే చూసి, కవిని, సంగీతకారుణ్ని వదిలేశాం. ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ఉద్యోగ సోదరులు 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనను ఒకసారి ఆ కంటితో వినాలి. ఏ నగ ఎవరికి చేయించాడో, దానికి ఎన్ని మొహరీలు పట్టాయో వరస తప్పకుండా అప్పజెప్పి దేవుణ్నే నిలదీస్తాడు. ప్రభుత్వ సొమ్ము లెక్క చెప్పలేక జైలుపాలైన రెవెన్యూ ఉద్యోగి, ఆ లెక్కను పై అధికారికి కాక పాటలో దాఖలు చేశాడు. తెలుగులో ఇట్లాంటి పాట ఇంకొకటి ఉందా? ఆ నగలు భద్రాచలం గుడిలో ఉన్నాయి. ఆ పాట జనం నోట్లో ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించే గది మాత్రం ఆయన పుట్టినింట ఉండాలి గదా!

త్యాగరాజు అంతటివాడు ప్రహ్లాద భక్తి విజయంలో రామదాసుకు మొక్కాడు. 1847లో పోయిన ఆ త్యాగరాజుకు తిరువయ్యారులో సమాధి మందిరం ఎట్లా లేచింది? ఏ సర్కారూ కట్టలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ అనే ఒక దేవదాసి తన సొంత సొమ్ము పోసి కట్టించింది. ఆడవాళ్లను ఆరాధనలో పాడనివ్వని రోజుల్లో అక్కడే తానూ పాడింది, తోటి ఆడవాళ్ల చేతా పాడించింది. ఇయ్యాల పుష్య బహుళ పంచమి వస్తే దేశం నలుమూలల నుంచి గాయకులు కావేరి ఒడ్డుకు చేరుతున్నారు. మరి త్యాగరాజు మొక్కిన మనిషి ఊరికి ఎంతమంది చేరుతున్నారు?

జర్మనీలో బాన్ అనే ఊరుంది. బీథోవెన్ పుట్టిన ఇల్లు కూలిపోయే గతి పట్టినప్పుడు, 1889లో ఆ ఊరి పౌరులు 12 మంది సంఘం పెట్టి దాన్ని కొన్నారు. 1893లో మ్యూజియంగా తెరిచారు. అది నేటికీ నడుస్తోంది. పన్నెండు మంది! మన జిల్లాలో ఒక కాలేజీ స్టాఫ్‌రూములో దొరికే సంఖ్య అది. కాబట్టి డబ్బు లేదన్న మాట మేము ఒప్పుకోం.

'అక్కడ పూజ జరుగుతున్నది, మ్యూజియం పెట్టి మైల చేస్తారా' అని కొందరు అడుగుతారు. పూజ ఆపమని మేము అనడం లేదు. దేవుడి గది దేవుడికే ఉండనీయండి. దాని పక్కన పాటకు ఒక గది ఇవ్వండి. రామదాసు పాటలను బాలమురళీకృష్ణ ఇంటింటికీ చేర్చారు. ఆ గొంతు అక్కడ వినపడాలి. దాంతోపాటు మన పల్లెల భజన గుంపులు, మన అమ్మమ్మలు పాడే వరసలు కూడా రికార్డు కావాలి. చిడతల మీద నిలబడిన ఆ వరసలు ఏ కచేరీలోనూ దొరకవు. పాడే ముసలివాళ్లు పోతే వాళ్లతోనే పోతాయి. గోడలకు పాలరాయి తర్వాతనైనా అతికించుకోవచ్చు, పోయిన గొంతును మాత్రం మళ్లీ తెచ్చుకోలేం.

ఇంకొక మాట. అక్కడ రాసిపెట్టే బోర్డులు నిజాయితీగా ఉండాలి. రామలక్ష్మణులు వచ్చి మొహరీలు కట్టారన్నది జనం నమ్మకం. దాన్ని నమ్మకంగానే రాయండి. అక్కన్న మాదన్నల పాలన, 1687లో గోలకొండ పతనం, రామదాసును బంధించిన తానీషా కూడా ఔరంగజేబుకు బందీ అయి దౌలతాబాదు కోటలో రోజులు వెళ్లదీయడం చరిత్ర. దాన్ని చరిత్రగా రాయండి. రెండూ కలగలిపితే అటు భక్తికీ గౌరవం దక్కదు, ఇటు చరిత్రకూ దక్కదు.

రామదాసు కథను 1964లో నాగయ్య సినిమా తీశారు. 2006లో మళ్లీ వచ్చింది. రెండుసార్లూ జనం కళ్లొత్తుకున్నారు. సినిమా అయిపోయినాక నేలకొండపల్లి బస్సెక్కింది ఎందరు? మా సంస్కృతిని చిన్నచూపు చూశారని దశాబ్దాలు కొట్లాడి, 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. చిన్నచూపు చూసినవాళ్లను అడిగే హక్కు అప్పుడు ఎంత ఉండెనో, మనల్ని మనం అడుగుకునే బాధ్యత ఇప్పుడు అంతే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, ఈ ఎండాకాలం సెలవుల్లో మీ ఊరి భజన గుంపు పాడే ఒక్క రామదాసు పాటను సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, ఊరు, తారీఖు రాసిపెట్టండి. ఉద్యోగ సోదరులారా, మీ సంఘం తరఫున ఒక తీర్మానం చేయండి, మీ పాత తహసీల్దారు కోసం. గది కట్టేదాకా ఆగాల్సిన పని లేదు. అందులో పెట్టే సరుకు ముందు పోగైతే, గది అడగడానికి మన నోరు ఇంకా గట్టిగా లేస్తుంది.