వినేవారు లేరన్న మాట అబద్ధం

మన బిలాస్‌పూర్ మ్యూజియంలో నెలకోసారి ఉచితంగా చరిత్ర ఉపన్యాసాలు పెట్టాలని, కొన్నయినా తెలుగులో ఉండాలని దయాల్‌బంద్, రైల్వే కాలనీల వాసులు అడిగితే వచ్చిన జవాబు రెండే మాటలు: వినేవారు లేరు. సిబ్బంది చాలరంటే ఒప్పుకుంటాం, వక్తల రానుపోను ఖర్చులకు డబ్బు లేదన్నా అర్థం చేసుకుంటాం. తప్పును జనం మీదికి నెట్టడాన్ని మాత్రం ఒప్పుకోం.

లేరని ఎలా తేల్చారు? పనిరోజు మధ్యాహ్నం సభ పెట్టి, కబురు నోటీసు బోర్డు దాటనీయకుండా, ఆపైన ఖాళీ కుర్చీలు చూపిస్తే అది రుజువు అవుతుందా? రాత్రి డ్యూటీ దిగిన లోకో పైలట్, షెడ్డులో షిఫ్టు నడుస్తున్న ఫిట్టర్ ఆ వేళకు ఎలా వస్తారు? సోలాపురి మాత పూజకు కిక్కిరిసేది ఈ జనమే. పిలిచే తీరులో పిలిస్తే, తెలిసిన భాషలో చెబితే వస్తారు.

అసలు ఈ ప్రాంత చరిత్ర మిగిలిందే మామూలు మనుషుల శ్రద్ధ వల్ల. 1921లో చంద్రపూర్ దగ్గరి కిరారిలో చెరువు ఎండినప్పుడు బురదలో కొయ్యస్తంభం బయటపడింది. ఎండ తగిలి దాని మీది అక్షరాలు పెచ్చులూడసాగాయి. స్థానిక పండితుడు ఒకాయన కనిపించినవి కనిపించినట్టు రాసుకున్నారు. శాతవాహనుల కాలపు కొలువులో నగర రక్షకుడు మొదలు వంటశాల అధికారి దాకా ఎవరెవరు ఉండేవారో ఆ రాత వల్లే తెలిసింది. స్తంభం ఇప్పుడు రాయ్‌పూర్ మ్యూజియంలో ఉంది. శాతవాహన రాజు అపీలకుడి రాగి నాణెం దొరికింది మహానది ఒడ్డున బాలపూర్‌లో. ఆ ఊరివారే, హిందీ కవి లోచన్‌ప్రసాద్ పాండేయ, ఇక్కడి శాసనాల వెంట జీవితమంతా తిరిగారు. ఇలాంటి నేల మీద నిలబడి చరిత్ర ఎవరికీ పట్టదనడానికి నోరెలా వచ్చింది?

తెలుగువారికి ఈ ఊరితో మరో బంధం ఉంది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదువు నేర్చుకున్న భండారు అచ్చమాంబ, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించి భారత స్త్రీల చరిత్రను తెలుగులో గ్రంథంగా నిలిపారు. మరుసటి ఏడాది మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపనలో పాలుపంచుకున్నారు, ఊరూరా తిరిగి ఆడవాళ్ల ముందు ఉపన్యాసాలిచ్చారు. నూరుమంది స్త్రీలలో ఒక్కరికైనా చదువు రాని రోజులవి. వినేవారు లేరని ఆమె ఇంట్లో కూర్చోలేదు. 1905లో ఆమె కన్నుమూసింది బిలాస్‌పూర్‌లోనే. ఆ సంగతి మన కాలనీల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు? తెలియకపోతే అది పిల్లల తప్పు కాదు, చెప్పనివారి తప్పు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి పట్టాల పక్కనే స్థిరపడినవారి మనవలు ఈ ఊరి పన్నులు కడుతున్నారు. మ్యూజియం వారిది కూడా.

ఆదివారం సాయంత్రాలు తలుపులు తెరవండి. హిందీలో, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో వంతులవారీగా చెప్పించండి. స్టేషన్లో, షెడ్డుల్లో, గుళ్ల దగ్గర ప్రకటనలు అంటించండి. మొదటి ఉపన్యాసం అచ్చమాంబ మీద పెట్టండి. ఒక్క ఏడాది నిజాయితీగా నడిపి చూశాక మాట్లాడుకుందాం. అంతవరకు, వినేవారు లేరన్న మాటను వెనక్కి తీసుకోవాలి.