3 పులులు, 15 మేకలు

పిల్లలూ, మీలో చాలామంది పులి–మేక ఆడే ఉంటారు. ఒకరికి 3 పులులు, రెండోవారికి 15 మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేక ఎవరినీ చంపలేదు. అయినా నేర్పుగా ఆడితే మేకలు పులులను కదలకుండా కట్టివేస్తాయి. బలాలు సమానం కాకపోయినా ఆట సమానంగా ఉన్నదన్నమాట!

ఇందులో కిటుకు ఏమిటి? మేక వెనక చోటు ఖాళీగా ఉంటేనే పులి దూకగలదు. ఒకదాని వెనక ఒకటి నిలబడిన రెండు మేకలను అది ఏమీ చెయ్యలేదు. పులికి ఎంత బలం ఉన్నదో, ఆ బలానికి ఒక హద్దు కూడా ఉన్నది.

ఇప్పుడు మనమే ఒక యుద్ధపు ఆట తయారుచేద్దాం. ధర్మవరంలో రైలెక్కి హిందూపురం పోయేవారికి దారిలో పెనుకొండ వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు ఈ కొండకోటకే రాజధానిని మార్చాడు. ఒక కాగితం మీద గళ్ళు గీయండి. పైన ధర్మవరం, కింద హిందూపురం, నడుమ పెనుకొండ కొండ. చింతగింజలు బంటులు, గవ్వలు గుర్రాలు, గులకరాళ్ళు ఏనుగులు, శెనక్కాయలు ఫిరంగులు. ఇద్దరూ వంతులవారీగా ఎత్తులు వెయ్యాలి.

ఏనుగు బలమైనది కదా అని ఎదురైన ప్రతిదాన్నీ తొక్కే హక్కు ఇచ్చారనుకోండి. ఏనుగులు ఎక్కువున్నవాడే ఎప్పుడూ గెలుస్తాడు. రెండోవాడు నాలుగోరోజు ఆటకు రాడు! పోనీ, దాని బలం సగానికి తగ్గిస్తే? అప్పుడది ఏనుగు కాదు, లావుపాటి దున్నపోతు.

దీనికి ఉపాయం చరిత్రలోనే ఉన్నది. ఏనుగు ఫిరంగి మోతకు బెదిరితే వెనక్కి తిరిగి సొంత సైన్యాన్నే తొక్కుతుంది. గుర్రం మైదానంలో గాలిలా పోతుంది. కొండ ఎక్కవలసి వస్తే దాని వేగం పోతుంది. మేలుజాతి గుర్రాలను విజయనగర రాజులు సముద్రం మీదుగా తెప్పించి చాలా డబ్బుపెట్టి కొనేవారు. కనుక గవ్వలు తక్కువే ఉండాలి. ఫిరంగి దూరాన్నుంచి కొడుతుంది. కాని తిరిగి మందు కూరేదాకా అది ఒట్టి ఇనుము. కనుక ఒకసారి పేల్చాక ఒక వంతు ఊరుకోవాలి. ఒంటరి బంటును గుర్రం పడగొడుతుంది. ఈటెలు పట్టి పక్కపక్కన నిలిచిన ఇద్దరు బంటుల మీదికి పోలేదు. మేకలు నేర్పిన పాఠమే ఇది!

నియమాలు రాసుకున్నాక పరీక్ష చెయ్యాలి. 10 ఆటలు ఆడండి. 5 ఆటలయ్యాక పక్షాలు మార్చుకోండి. లేకపోతే గెలిచింది సైన్యమో, ఆటగాడో తెలియదు. గెలుపోటములు రాసి ఉంచండి. 6, 4 వస్తే తొందరపడకండి, అది అదృష్టం కావచ్చు. మరికొన్ని ఆటలు ఆడండి. ఒకే సైన్యం 9 సార్లు గెలిస్తే మాత్రం ఏదైనా మార్చవలసిందే. కాని ఒకసారికి ఒక్క నియమమే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చేసేదీ, కంప్యూటర్ ఆటలు తయారుచేసేవారు చేసేదీ ఇదే.

చివరగా ఒక ప్రశ్న. పులి–మేకలో ఒక పులిని తీసేస్తే ఎన్ని మేకలను తగ్గించాలి? లెక్కవేసి 5 అనకండి. ఆడి చూసి చెప్పండి!