సుంకము ఎవరి నెత్తిన?

పరదేశపు రేవులో సుంకము పెరిగినదను వార్త రేపల్లె రొయ్యల చెరువులకు ఒక్క రాత్రిలో చేరును. మరునాటి ఉదయమునకే ధర పడును. ఆ సుంకము తగ్గినదను వార్త మాత్రము అంత వేగముగా చెరువు గట్టున కెక్కినట్లు మేమెన్నడును వినలేదు. వర్తకములో నష్టమునకు రెక్కలును, లాభమునకు సంకెళ్లును ఉండుట దైవఘటన కాదు; మనుష్యులు చేసికొన్న ఏర్పాటు.

2025 ఏప్రిల్ 2వ తేదీన అమెరికా ప్రభుత్వము మన సరుకులపై 26 శాతము సుంకమును ప్రకటించెను. అది పూర్తిగా అమలునకు రాకముందే ఆంధ్రతీరమున కొనుగోలుదారులు రొయ్యల ధరను దించివేసిరి. ఏప్రిల్ 9వ తేదీన ఆ ప్రభుత్వమే 10 శాతము నిలిపి తక్కినదానిని 90 దినములు వాయిదా వేసెను. ఆగస్టు 7న 25 శాతము, 27న మరి 25 శాతము విధించెను. 2005 నుండి యున్న యాంటీ డంపింగు సుంకమును, 2024లో వచ్చి చేరిన సబ్సిడీ ప్రతిసుంకమును వీనికి అదనము. అయిదు నెలలలో నాలుగు మారులు నియమము మారినది. అట్టి సుంకము ఒకనాడు పెరుగును, ఒకనాడు తగ్గును. దానిని నమ్మి బేరము చేయరాదనుటయే దాని వలన నేర్వవలసిన పాఠము.

అమెరికాను నిందించుట సులభము, నిందింపదగినదే. కాని 2024-25లో మన దేశము పంపిన 7 లక్షల 41 వేల టన్నుల శీతల రొయ్యలలో 3 లక్షల 11 వేల టన్నులు ఆ ఒక్క దేశమునకే పోయినవి. అయిదు పాళ్లలో రెండు పాళ్లకు మించిన సరుకును ఒకే గుమ్మమున దించి, ఆ తలుపు మూయబడినపుడు వాపోవుట వివేకమా? ఎగుమతిదారులకు శీతలగిడ్డంగుల ఖర్చులు, బ్యాంకు అప్పులు ఉన్నవన్న మాట నిజమే. రైతునకు మాత్రము మేత బాకీ, కరెంటు బిల్లు లేవా? కష్టమును పంచుకొందురేని లెక్కలు బయట పెట్టి పంచుకొనవలెను గాని, చీకటిలో ధర దించి రైతు నెత్తిన రుద్దుట న్యాయము కాదు.

నియమములు మార్చువారు పరదేశీయులు మాత్రమే కారు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జూలై 20న బాస్మతి గాని తెల్లబియ్యపు ఎగుమతిని ఢిల్లీ ప్రభుత్వమే నిషేధించెను. ఈ రెండవ ఉత్తరువు వెలువడిన దినముననే అమలయ్యెను. 2024 సెప్టెంబరు 28 వరకు, పదునాలుగు నెలలు, తెల్లబియ్యమునకు ఓడదారి మూతబడెను. దేశమునకు అన్నము ముందు, ఎగుమతి తరువాత అను సూత్రమును మేము కాదనము. అయినను ధాన్యము కొని మిల్లులో పోసికొన్న తెనాలి వర్తకునకు నెల గడువైన ఈయని ప్రభుత్వము, ముందుచూపు లేదని వర్తకుని నిందింప నర్హము కాదు.

అన్ని నియమములును అన్యాయములు కావు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాను మందుల అవశేషములకై ఐరోపా సమాఖ్య 2016లో మన చెరువు సరుకుపై పరీక్షలను నూటికి పది నుండి ఏబదికి పెంచెను. వలలలో తాబేళ్లు తప్పించుకొను సాధనము లేదని 2019లో అమెరికా మన సముద్రపు వేటరొయ్యను నిలిపివేసెను. సూర్యలంక యిసుకలో గ్రుడ్లు పెట్టు తాబేళ్లు అమెరికావా, మనవా? మన బిడ్డలకు పెట్టరాని రొయ్యను పరుడు కాదనగా ఆగ్రహించుట ఏమి దేశాభిమానము? 2025 జూలై 24న బ్రిటనుతో ఒడంబడిక కుదిరినదని సంతోషించితిమి. ఒడంబడిక సుంకమును తీసివేయగలదు. రొయ్యలోని మందును తీసివేయజాలదు.

కనుక ఇప్పుడే చేయవలసిన పనులు కలవు. ప్రతి చెరువునకు ఒక పుస్తకము ఉండవలెను. పిల్ల ఎచటిది, మేత ఏది, మందు ఏనాడు వేసినది అందు వ్రాయవలెను. పట్టుబడికి ముందే పరీక్ష జరుగవలెను. కొనుగోలు నోటిమాటపై గాక కాగితముపై జరిగి, ధర కుదిరిన పిమ్మట సుంకము మారినచో ఎవరెంత భరింపవలెనో అందు స్పష్టముగా ఉండవలెను. బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల కలదు. ఆహార సాంకేతిక కళాశాల కలదు. పంటకోత అనంతర పరిశోధనకు కేంద్రము కలదు. ఇన్ని యుండియు, పరదేశపు నియమమేదో తెలుగులో చదువుకొను భాగ్యము నిజాంపట్నము రేవు పనివానికిని, దుగ్గిరాల పసుపు వర్తకునకును లేకపోవుట సిగ్గుచేటు. క్రొత్త నియమము వచ్చిన వారములోగా దాని తాత్పర్యము తెలుగులో అచ్చై యార్డులలో, మిల్లులలో, పఠనమందిరములలో వ్రేలాడవలెను. మన పట్టణములలోనే శుభ్రమైన రొయ్యకు బజారు పెంచవలెను. ఇంటి గిరాకీ గల సరుకును పరుడు బెదిరింపజాలడు.

తెనాలి, బాపట్ల, రేపల్లె వర్తక సంఘములారా! సుంకము పడిన నాడు విజ్ఞాపనపత్రములు పట్టుకొని రాజధానికి పరుగిడుట మీకు అలవాటైనది. పడక మునుపు రైతును ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒడంబడిక వ్రాసికొనుట ఎన్నడు అలవరచుకొందురు? రైతు చెరువెండిన తరువాత మీ శీతలగిడ్డంగులలో మిగులునది మంచు మాత్రమే.