మన అక్షరాలతో ఆట

పదకొండవ శతాబ్దిలో రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతాన్ని తెనిగించడం ఆరంభించాడు. మూలానికి మాటకు మాట పెట్టలేదు. తెలుగువారి చెవికి ఇంపుగా కథను మలచాడు. గోదావరి తీరాన జరిగిన అటువంటి పనే తొమ్మిది శతాబ్దాల తరువాత జపానులో ఒక పిల్లల ఆటలో జరిగిందంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వే ముందు ఆ సంగతి వినండి.

1980ల ఆరంభంలో అమెరికాలో ‘అల్టిమా’, ‘విజార్డ్రీ’ అనే కంప్యూటర్ ఆటలు పేరు పొందాయి. ఆడేవాడే కథానాయకుడై దేశాలు తిరుగుతాడు, రాక్షసులను గెలుస్తాడు, అనుభవంతో బలపడతాడు. కాని వాటి భాష ఆంగ్లం, లెక్కలు జటిలం. వాటిని చూసి ముగ్ధుడైన యూజీ హోరీ అనే జపాను రచయిత, ఇంటి టెలివిజనుకు తగిలించుకొనే నింటెండో ఫామికామ్ యంత్రం కోసం ‘డ్రాగన్ క్వెస్ట్’ను రూపొందించాడు. అకీరా తొరియామా బొమ్మలు గీశాడు, కోయిచీ సుగియామా సంగీతం కూర్చాడు. 1986 మే 27న ఆ ఆట వెలువడింది.

హోరీ నేర్పు చూడండి. ఆట మొదలయ్యేసరికి నాయకుడు రాజుగారి గదిలో ఉంటాడు. తలుపు మూసి ఉంటుంది. పెట్టె తెరచి తాళంచెవి తీసికొని, తలుపు తీసి, మెట్లు దిగేసరికి పసివాడికి సైతం ఆడే పద్ధతి తెలిసిపోతుంది. ఉపదేశం లేని బోధన అది!

ఆట మొత్తం ఇమడవలసిన చోటు 64 కిలోబైట్లు. నేటి ఫోనులో తీసే ఒక్క ఛాయాచిత్రానికి సైతం అది చాలదు. అందుచేత కటకానా లిపిలో దాదాపు ఇరవై అక్షరాలనే ఉంచుకొని, రాక్షసుల పేర్లను, మంత్రాలను వాటితోనే కూర్చాడు. ఆపిన ఆటను తిరిగి అందుకోవడానికి ఇరవై అక్షరాల ‘పునర్జీవన మంత్రం’ ఉండేది. 5, 7, 5, 3 అక్షరాల విరుపులతో తెరపై కనిపించేది. పిల్లలు దానిని నోటుపుస్తకాలలో రాసికొనేవారు. ఒక్క అక్షరం తప్పితే పడిన శ్రమంతా వృథా. హైకూలు చదివినవారికి ఆ 5, 7, 5 లెక్క పరిచితమే.

ఆటలు చదువును చెరుస్తాయన్న పెద్దల మాటను నేను కొట్టివేయను. 1988 ఫిబ్రవరిలో దీని మూడవ భాగం వచ్చిన రోజున బడి మాని దుకాణాల ముందు బారులు తీరిన పిల్లలను పోలీసులు పట్టుకోవలసి వచ్చింది. అయినా ఆ దారిలోనే 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’, 1996లో ‘పోకెమాన్’ వచ్చాయి. 2021 టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో క్రీడాకారుల కవాతుకు మొదట మ్రోగినది సుగియామా స్వరపరచిన ఈ ఆట పాటే.

మరి మన ఆటలలో తెలుగు ఎక్కడ? ఒత్తులు, గుణింతాలు తెరపై ఇమడవనేవారు కొందరు. 64 గిగాబైట్ల ఫోనులో ఆనాటి చోటుకు పది లక్షల రెట్లు ఉంది. కొరవడినది చోటు కాదు, హోరీ వంటి పూనిక. ఈ పాఠం చదివే మీలో ఎవరైనా అటువంటి ఆట రాయబూనితే నాదొక కోరిక: నాయకుణ్ణి కోనసీమ లంకకు దాటించే పడవవాడు ఆంగ్లంలో కాక, “ఆయ్, ఎక్కండి బాబూ” అని పిలవాలి.