బ్యాటరీ మీది అంకెలు ఏమి చెబుతాయి?

తీరానికి ఇరవై మైళ్ళ దూరం. అర్ధరాత్రి. లంగరు వేసిన మరపడవలో దీపం క్రమంగా మసకబారుతుంది. మరి కాసేపటికి రేడియో మూగపోతుంది. తెల్లవారాక మీట నొక్కితే ఇంజను కదలదు. “నూరు ఆంపియర్-గంటల బ్యాటరీ అని చెప్పి అమ్మారే!” అని సరంగు వాపోతాడు. అమ్మినవాడు అబద్ధమాడి ఉండకపోవచ్చు. ఆ నూరు ఏ షరతు మీద నిజమో కొన్నవాడు అడగలేదు.

బ్యాటరీ నీళ్ళ కుండ వంటిది కాదు. కుండలోని నీటిని మెల్లగా వంచినా, వేగంగా వంచినా వచ్చేది ఒకటే. బ్యాటరీ నుండి వేగంగా లాగినకొద్దీ మొత్తం మీద దక్కేది తగ్గిపోతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు పాయికెర్ట్ 1897లోనే దీనికొక సూత్రం చెప్పాడు. అందుకే అంకె పక్కన సి20, సి10, సి5 వంటి గుర్తు ఉంటుంది. సి20 అంటే ఇరవై గంటల లెక్క. ఆ లెక్కన 100 ఆంపియర్-గంటల బ్యాటరీ 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుంది. దాని నుండే 20 ఆంపియర్లు లాగితే 5 గంటలు రావాలి గదా అనిపిస్తుంది. సాధారణంగా నాలుగు గంటలు రావడం కూడా కష్టం. రెండు బ్యాటరీల మీద 100 అనే ఉన్నా, సి10 గుర్తు గలదే పెద్దదని గ్రహించాలి.

రెండవది, ఇంజనును కదిలించే శక్తి. దీనిని సి.సి.ఏ. అనే అంకె తెలుపుతుంది. సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. పడవలకు వాడే ఎం.సి.ఏ.ను సున్నా డిగ్రీల వద్ద కొలుస్తారు కనుక, ఒకే బ్యాటరీకి ఈ అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఒకదానితో మరొకదానిని పోల్చి మోసపోరాదు. కాకినాడ రేవులో అంతటి చలి ఎన్నడూ ఉండదు. ఇంజను తయారీదారు కోరిన అంకె ఉంటే చాలు.

మూడవది రిజర్వు సామర్థ్యం. 25 ఆంపియర్ల చొప్పున వాడితే, వోల్టేజి 10.5కు పడిపోయే వరకు ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ఇది తెలుపుతుంది.

ఇక మన లెక్క. దారిదీపాలకు 2 ఆంపియర్లు, గది దీపానికి 1, చేపల జాడ తెలిపే యంత్రానికి 1, జీపీఎస్, రేడియోలకు కలిపి 1 అనుకుందాం. మొత్తం 5. పన్నెండు గంటల రాత్రికి 60 ఆంపియర్-గంటలు. లెడ్-యాసిడ్ బ్యాటరీని తరచు సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయువు క్షీణిస్తుంది. కనుక 120 కావాలి. పాతబడేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది కాబట్టి, సి20 లెక్కన 150 తీసుకోవడం వివేకం.

ఇంజనుకు మాత్రం వేరొక బ్యాటరీ ఉండాలి. పలుచని పలకలు ఎక్కువగా ఉన్న బ్యాటరీ ఒక్కసారిగా బలం చూపుతుంది. మందపు పలకలది రాత్రంతా ఓర్చుకుంటుంది. ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తే రెండూ చెడతాయి.

దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: “ఈ నూరు ఎన్ని గంటల లెక్క?” ఆపదలో సహాయం కోరవలసిన రేడియో ఆ జవాబు మీదనే ఆధారపడి ఉంటుంది.